నల్ల గుండ్ల కొలత

అల్లుడి పంతం చెడితే చూడాలని హాల్వర్‌కు ఎంత సరదాగా ఉండేదంటే, గుర్రాలకు మేత వేయడానికి కూతురింటికి పోతూ దారంతా ఈలవేశాడు. ఎల్క్ దుప్పుల వేట మొదలయ్యే శనివారం అది. అమెరికాలోని మోంటానాలో ఆ రోజు పెళ్లిళ్లు కూడా పెట్టుకోరు. ముసలాయనకు మోకాలు అరిగి నాలుగేళ్లుగా కొండెక్కడం లేదు. కూతురు సిగ్నీ, అల్లుడు మెర్ల్ వెళ్తారు.

మామా అల్లుళ్ల గొడవంతా తూటా గుండ్లకు పూసే నల్లపొడి గురించే. ఇత్తడి గొట్టంలో తుపాకిమందు కొలిచి పోసి, మూతికి గుండు బిగించి ఎవరి తూటాలు వాళ్లు చేసుకునే ఇళ్లు అవి. కొన్న తూటా అంటే హాల్వర్ దృష్టిలో హోటల్ భోజనం. గుండ్లను నల్లపొడిలో దొర్లిస్తే వాటికి జారుడు పూత పడుతుంది, తుపాకీ గొట్టంలో రాగి మురికి తక్కువ పేరుకుంటుంది, శుభ్రం చేయకుండా రెండింతలు కాల్చుకోవచ్చు అని ఆయన వాదన. చేతులు, తువ్వాళ్లు, వంటింటి సింకు అన్నీ మసి, పూత కింద చెమ్మ చేరి గొట్టం తుప్పు పడుతుంది, కడిగిన గొట్టం మళ్లీ దారికొచ్చేదాకా మొదటి నాలుగైదు గుండ్లు ఎటు పోతాయో దేవుడికే తెలియాలి అని మెర్ల్ వాదన. ఇద్దరి మాటా నిజమే. అందుకే రెండు చలికాలాలైనా తెగలేదు.

మెర్ల్‌కు తెలియనిది ఒకటుంది. పూత గుండు సులువుగా జారిపోతుంది కాబట్టి వెనక ఒత్తిడి తగ్గి, వేగమూ తగ్గుతుంది. ఆ వేగం తిరిగి రావాలంటే మందు కాస్త ఎక్కువ పోయాలి. అంత మందే పూతలేని గుండు వెనక పోస్తే ఒత్తిడి హద్దు దాటుతుంది, కొరివితో తల గోక్కున్నట్టే. హాల్వర్ కొలత ముందే ప్రమాదం అంచు మీద ఉంది. నల్ల గుండ్ల సీసా, కొలత రాసిన కార్డు కలిపే అల్లుడికి ఇచ్చాడు. ఇది నల్లవాటికే అని కార్డు మీద రాయలేదు.

బుధవారం మెర్ల్ ఫోన్ చేశాడు. "మామయ్యా, మీ కార్డు ప్రకారమే మందు పోసేశాను. మీ మసి గుండ్లు మాత్రం సీసాలోనే ఉన్నాయి. మామూలువే బిగించా."

నాలుక చివరిదాకా వచ్చిన మాటను హాల్వర్ మింగేశాడు. ఎవడైనా కొత్త తూటాలను ముందు గురి సాధన చేసే రేంజిలో కాల్చి చూస్తాడు. వీడూ చూస్తాడు, తుపాకీ వెనక తెరిచే బోల్ట్ బిగుసుకుపోతుంది, అది కొట్టి తీయడానికి సుత్తి పట్టుకుని తన గుమ్మానికే వస్తాడు. తిక్క కుదురుతుంది. ఊరుకున్నంత ఉత్తమం లేదనుకుని, "సరే బాబూ" అని పెట్టేశాడు.

ఈ శనివారం కూతురింటి తలుపు తీసేసరికి మెర్ల్ సోఫాలో ఉన్నాడు. చీలమండ బూరెలా ఉబ్బింది, దాని మీద మంచు సంచీ.

"ఏమయ్యా వేటగాడా, దుప్పి తన్నిందా?"

"నవ్వండి మామయ్యా, నవ్వండి. నిన్న మెట్ల మీద జారాను."

"మరి అమ్మాయేది?"

"ఒక్కతే వెళ్లింది. తన తుపాకీ రిపేరులో ఉందిగా, నాది పట్టుకెళ్లింది."

హాల్వర్ చేతిలో టోపీ అలాగే ఉండిపోయింది. "తూటాలు?"

"అవీ నావే. మామూలుగా ఇంకొకరు చేసినవి ముట్టదు కదా మీ అమ్మాయి! కొలత నాన్నదేగా, ఫర్వాలేదంది."

"రేంజిలో కాల్చి చూశావా?"

"ఎక్కడ? రెండ్రోజులు ఒకటే మంచు. ఏం మామయ్యా, అలా అయిపోయారేంటి?"

ఆ మాట పూర్తయ్యేసరికి హాల్వర్ గుమ్మం దాటాడు. నిమిషంలో ఆయన ట్రక్కు రోడ్డెక్కింది. కొండల్లో ఫోన్లు పనిచేయవు. స్నేహితుడు ఆర్విడ్ గుర్తొచ్చాడు. ఒత్తిడి ఎక్కువై గొట్టం వెనక భాగం చిట్లినప్పుడు అతని కుడి కన్ను పోయింది. రేంజిలో కాల్చే బల్ల దగ్గర కూర్చుని ఆర్విడ్ నవ్విన నవ్వు, ఆ తర్వాతి కేక హాల్వర్ స్వయంగా విన్నవే. ఇప్పుడు ఆ బల్ల దగ్గర కూతురు కూర్చున్నట్టు కనిపిస్తోంది.

సిగ్నీ ఎక్కడ మాటు వేస్తుందో ఆయనకు తెలుసు. కాలిన పైన్ చెట్ల పైనున్న రాతిగట్టు, తానే చూపించినది. మోకాలు ప్రతి అడుగుకీ పొడుస్తున్నా మంచులో ఎక్కాడు. ఎక్కుతూనే అరిచాడు. "సిగ్నీ! కాల్చకు! కాల్చకమ్మా!"

గట్టు మీద వేటగాళ్లు తొడిగే నారింజ చొక్కా కనిపించింది. ఆమె చెంప తుపాకీకి ఆనించి ఉంది. అవతలి పల్లంలో పెద్ద కొమ్ముల దుప్పి తల ఎత్తి, ఒక్క ఉరుకులో చెట్లలో కలిసిపోయింది.

"నాన్నా! పిచ్చా నీకు? సేఫ్టీ లాక్ కూడా తీశాను. ఇంకొక్క క్షణం ఆగితే..."

"ముందు తూటాలు తీసెయ్. అన్నీ."

ఆయన ముఖం చూసి ఆమె మారు మాట్లాడలేదు. అయిదు తూటాలు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. రాగి రంగు గుండ్లు తళతళలాడుతున్నాయి. హాల్వర్ రొప్పుతూ కొలత సంగతంతా చెప్పాడు. కూతురి కళ్లు రెండూ ఉన్నాయి. ఆ సంతోషానికి ఆయన మంచులోనే కూలబడ్డాడు.

సిగ్నీ ఆయన అరచేతిలోని తూటాల వైపే చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మామూలు గుండ్లు బిగించానని మెర్ల్ నీకు ఎప్పుడు చెప్పాడు?"

అబద్ధమాడడానికి వీలుంది. ఇవాళే అంటే సరిపోయేది.

"బుధవారం."

"అప్పుడు నీకు ఈ సంగతి గుర్తు రాలేదా?"

"వచ్చిందమ్మా."

"మరి?"

"బోల్ట్ బిగుసుకుంటుంది, నన్ను అడగడానికి వస్తాడనుకున్నా. అంతే. వాడు కాల్చి చూస్తాడనే అనుకున్నా. నీ చేతికి వస్తుందని అనుకోలేదు."

"అంటే మెర్ల్ కళ్లయితే ఫర్వాలేదా?"

హాల్వర్ అవునని ఎప్పుడూ అనుకోలేదు. కాదని కూడా ఒక్కసారీ అనుకోలేదు. సిగ్గుతో తల వంచుకున్నాడు.

సిగ్నీ ఆయన జబ్బ పట్టుకుని లేపి, ప్యాంటుకు అంటిన మంచు దులిపింది. ఖాళీ తుపాకీ భుజాన వేసుకుంది.

"ఇంకొకడు చేసిన తూటా ప్రాణం పోయినా కాల్చొద్దని పన్నెండేళ్లప్పుడు నువ్వే నేర్పావు నాన్నా," అంది. "ఆ ఇంకొకడిలో నువ్వూ ఉంటావని నాకు తెలీదు."

మోకాలి కోసం ఆయన అడుగుకి తగ్గట్టే ఆగి ఆగి దిగింది. దారంతా హాల్వర్ జేబులో ఆ అయిదు తూటాలూ ఒకదానికొకటి తగులుతూనే ఉన్నాయి.