మడమ ఎత్తు

"ఈ బూట్లకి తగ్గట్టు నా కాలు సరిచెయ్యి బావా. రేపు పదింటికి కవాతు."

బూట్లు ధడేలున బల్ల మీద పడ్డాయి. నల్లగా, అద్దంలా ఉన్నాయి. వాటి వెనక నిలబడ్డ బావమరిది మొహం కూడా ఇంచుమించు అలాగే మెరుస్తోంది.

మేస్త్రి చేతిలోని ఆకురాయి పక్కన పెట్టాడు. ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళుగా కృత్రిమ కాళ్ళు చేస్తున్నాడతను. బావమరిది మోకాలి కింద తొడుక్కున్న ఎడమకాలు కూడా అతని చేతి పనే. పదకొండేళ్ళలో ఇది నాలుగోది. పరాయి దేశపు యుద్ధానికి రెండు కాళ్ళతో వెళ్ళి ఒక కాలితో తిరిగొచ్చిన ఆ బావమరిదిని ఇంటిల్లిపాదీ సిపాయి అనే పిలుస్తారు.

"మడమ మూడు సెంటీమీటర్లుంది," అన్నాడు మేస్త్రి బూటు తిప్పి చూస్తూ. "నువ్వు రోజూ వేసుకునే చెప్పులు నేలబారువి. ఈ పాదం చీలమండ దగ్గర వంగదు. ఏదో ఒకదానికే సరిచెయ్యగలను. బూట్లకి చేస్తే చెప్పుల్లో వెనక్కి తూలతావు. చెప్పులకి చేస్తే బూట్లలో ముందుకి బోర్లా పడతావు. మరలకి జిగురు పెట్టానంటే రేపు సాయంత్రందాకా కదపడానికి లేదు. ఆలోచించుకో."

"ఆలోచించేదేముంది? చెప్పులతో వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. మా పటాలం మేజరు గారు వేదిక మీద ఐదు నిమిషాలిచ్చారు నాకు. ఆ యుద్ధం ఎందుకు చేశామో, ఎలా గెలిచామో చెప్పాలి."

"మొదటిదానికి ఐదు నిమిషాలు చాలవు. రెండోదానికి అసలు అక్కర్లేదు."

మొదలైంది. బావా బావమరుదుల మధ్య ఈ గొడవ వయసు కూడా పదకొండేళ్ళే. ఇంట్లో అయితే మేస్త్రి భార్య వచ్చి, "మీ యుద్ధం ఆపితే కంచాలు పెడతాను," అంటేగాని ఆగేది కాదు. ఇవాళ ఆవిడ లేదు. షెడ్డులో మూల మేస్త్రి కూతురు మాత్రం ఉంది, పాదాల అచ్చులు పెట్టెలో సర్దుకుంటూ. నాలుగేళ్ళుగా తండ్రితో సమానంగా కాళ్ళు చేస్తోంది. సోమవారం ఆ దేశానికే వెళ్తోంది, అక్కడి ఆస్పత్రిలో రెండేళ్ళు పనిచెయ్యడానికి.

సిపాయి కుర్చీలో కూర్చుని కాలు విప్పి మేస్త్రికి అందించాడు.

"మేం వెళ్ళేనాటికి ఆ ఊళ్ళో ఏం జరుగుతోందో తెలుసా నీకు? మనుషుల్ని ఇళ్ళలోంచి లాక్కొచ్చి, వంతెన మీద నిలబెట్టి కాల్చేవాళ్ళు. శవాలు నదిలోకి. వారానికి రెండుసార్లు. మేం వంతెన పట్టుకున్న రోజు నుంచీ ఆగిపోయింది. ఒక ముసలావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అరగంట వదల్లేదు. ఏమీ మాట్లాడలేదు, ఊరికే పట్టుకుంది. దాన్ని అన్యాయమంటావా?"

"అనను."

సిపాయి తెల్లబోయాడు. "అనవూ? మొన్న అన్నావుగా."

"మొన్న ముసలావిడ సంగతి చెప్పలేదు నువ్వు. తుపాకులు పట్టుకుని పరాయి ఊరికెళ్ళి తీర్పులు చెప్పడానికి మనమెవరం అన్నాను. ఇప్పుడూ అంటాను. కానీ ఆవిడ చెయ్యికి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటాను." మేస్త్రి మరలు వదులు చేస్తున్నాడు. "గెలిచామంటావు చూడు, అది మాత్రం నాకు అరగదు. గెలిచిన ఊరికి మూడేళ్ళకి మళ్ళీ పటాలం ఎందుకెళ్ళింది? ఐదేళ్ళకి మళ్ళీ ఎందుకెళ్ళింది? అత్తారింటిక్కూడా అన్నిసార్లు వెళ్ళరు."

"తర్వాత వచ్చినవాళ్ళు పాడుచేసుకుంటే మాదా తప్పు? మాకిచ్చిన పని వంతెన పట్టుకోవడం. పట్టుకున్నాం."

"ఇల్లలకగానే పండగైపోయిందన్నమాట."

"అలికినవాడికి తెలుస్తుంది బావా నడుంనొప్పి. గట్టు మీద కూర్చున్నవాడికేం?"

"మీ ఇద్దరూ చెరో ప్రశ్నకి జవాబు చెబుతున్నారు," అంది మేస్త్రి కూతురు తలెత్తకుండానే. "వెళ్ళడం న్యాయమా అన్నది ఒకటి. గెలిచామా అన్నది ఇంకొకటి. మొదటిదానికి అవుననీ, రెండోదానికి కాదనీ ఒకే మనిషి చెప్పొచ్చు."

"నువ్వు మధ్యవర్తివా కోడలుపిల్లా, మీ నాన్న పార్టీవా?"

"సోమవారం దాకా మధ్యవర్తిని మామయ్యా. తర్వాత కళ్ళతో చూసి చెబుతాను."

సిపాయి పెద్దగా నవ్వాడు. "మా మామయ్య ఇక్కడ పోరాడాడని చెప్పు అక్కడ. నెత్తిన పెట్టుకుంటారు."

"ముందు ఆ జాబితా చదువమ్మా," అన్నాడు మేస్త్రి. "అచ్చులు తక్కువైతే సోమవారం లోపల పోత పొయ్యాలి."

కూతురు కాయితం అందుకుంది. అక్కడి ఆస్పత్రి పంపిన కొలతలవి. "ఎడమ, పదహారు సెంటీమీటర్లు. ఎడమ, పదిహేడున్నర. కుడి, పదహారు. కుడి, పద్దెనిమిది..."

"పదహారా?" సిపాయి అరచెయ్యి చాపి చూసుకున్నాడు. "ఇంతే ఉంటుంది. తప్పు రాసుంటారు."

"పిల్లలవి మామయ్యా. వయసు కూడా రాశారు. ఏడు, తొమ్మిది, ఆరు... పెద్దది పదేళ్ళది. మొత్తం తొమ్మిది మంది."

పదేళ్ళు. యుద్ధం ముగిసి పదకొండు. ఆ లెక్క ముగ్గురికీ ఒకేసారి తట్టింది. తొమ్మిది మందీ యుద్ధం ముగిశాక పుట్టినవాళ్ళే.

"పెద్ద దేశం," అన్నాడు సిపాయి. "ఎక్కడెక్కడో మందుపాతరలు మిగిలిపోయి ఉంటాయి. ఎవరు పాతారో ఏమో."

"పెద్ద దేశమే. కానీ ఈ తొమ్మిది మందిదీ ఒకే ఊరు. నేను వెళ్ళేది అక్కడికే. నది ఒడ్డున పాత బడిలో మా షెడ్డు. వంతెన మూడో స్తంభానికి ఎదురుగానట. చుట్టూ చదునైన నేల, అంతా శుభ్రం చేసినట్టు ప్రభుత్వం దగ్గర కాయితం కూడా ఉందట. పొద్దున్నే ఒడ్డు వెంట నడవొచ్చని రాశారు."

సిపాయి చెయ్యి బూటు మీద ఉంది. అక్కడే ఆగిపోయింది.

"ఒడ్డు వెంట నడవకు," అన్నాడు.

"ఎందుకని?"

"అక్కడ పాములెక్కువ."

మేస్త్రి పని ఆపేశాడు. కాలుని నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"ఇక్కడికొచ్చే ప్రతివాడూ 'నొప్పేం లేదు మేస్త్రీ' అంటాడు. నేను వినను. మేజోడు తీయించి చర్మం చూస్తాను. ఎర్రగా ఉన్న చోటు అబద్ధం చెప్పదు." బావమరిది మొహంలోకి చూశాడు. "ఫిరంగి గుండు తగిలిందని చెప్పావు మాకు. గుండు దెబ్బ పక్కనుంచి వస్తుంది. నీకు తగిలింది కిందనుంచి. మొదటిరోజు కట్టు విప్పినప్పుడే చూశాను. ఇసుక నలకలు చర్మంలో మోకాలిదాకా పైకి పాకి ఉన్నాయి. మీ అక్కకి కూడా చెప్పలేదు నేను."

షెడ్డు రేకులు ఎండకి టక్కుమన్నాయి.

"పదకొండేళ్ళు ఎందుకడగలేదు మరి?"

"నువ్వు నొప్పి లేదన్నావుగా."

సిపాయి బూటు ముక్కుని బొటనవేలితో తుడిచాడు. మేనకోడలి వైపు చూడకుండా, బూట్లతో చెబుతున్నట్టు చెప్పాడు.

"ఆ మందుపాతరలు మావే. వాళ్ళు తిరిగి వంతెన మీదికి రాకుండా ఒడ్డున అరవై పాతాం. నా దళమే పాతింది. అడుగులు లెక్కపెట్టింది నేనే. గెలిచామని రేడియోలో చెప్పిన రోజు పొద్దున్నే తియ్యడం మొదలుపెట్టాం. ఇరవై రెండు తీశాం. ఇరవై మూడోది నన్ను తీసింది."

"మిగతావి?" అంది మేస్త్రి కూతురు.

"మర్నాడు ఊరు అప్పగించే సభ. జెండాలు, బ్యాండు, విలేకర్లు, అన్నీ వచ్చేశాయి. పని ఆపేశారు. నేను మంచం మీద ఉండగా మేజరు గారు కాయితం తెచ్చారు. అరవైకి అరవై తీసేశామని ఉంది. వేరే దళం వెనకాలే వస్తోంది, మిగతావి వాళ్ళు తీస్తారు, ఇది లాంఛనం అన్నారు. సంతకం పెట్టాను."

"వచ్చారా వాళ్ళు?"

"వచ్చారనుకున్నాను. ఎవర్నీ అడగలేదు. అడగకపోతే వచ్చినట్టే ఉంటుంది కదా."

మేస్త్రి ఆకురాయి అందుకుని మళ్ళీ అక్కడే పెట్టేశాడు. పదకొండేళ్ళుగా ఈ వాదంలో గెలవాలని చూస్తున్నవాడికి ఇప్పుడు గెలుపు చేతికందితే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పటం ఉందా మామయ్యా?"

"ఇచ్చేశాను. అన్నీ తీసేశామన్న కాయితం ఉన్నాక పటం ఎవరు దాస్తారు?" సిపాయి తల మీద వేలితో కొట్టుకున్నాడు. "ఇక్కడుంది. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ అడుగులు పడతాయి."

కాళ్ళ కొలతలు తీసేటప్పుడు ఎముక ఉన్న చోట్ల గుర్తు పెట్టడానికి ఒక నీలం పెన్సిల్ వాడతారు. తడిసినా చెరగదు. మేస్త్రి దాన్ని, ఒక పెద్ద గోధుమరంగు కాయితాన్ని బావమరిది ముందు పెట్టాడు.

సిపాయి ముందు నది గీశాడు. వంతెన గీశాడు. మూడో స్తంభం దగ్గర చిన్న గుండ్రం చుట్టి, అక్కడినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, పెదాలు కదుపుతూ. నాలుగడుగులు, ఒక చుక్క. ఎడమకి రెండు, ఇంకో చుక్క. మూడు వరసలు. ఎక్కడా తడుముకోలేదు. ఒక్కచోట మాత్రం కొట్టేసి మళ్ళీ వేశాడు. తీసిన ఇరవై రెండింటినీ అడ్డంగా కొట్టేశాడు. ఇరవై మూడోదాని దగ్గర పెన్సిల్ ఒక్క క్షణం ఆగింది. దాన్నీ కొట్టేశాడు.

"ముప్పై ఏడు," అన్నాడు.

మేస్త్రి కూతురు చేతిలోని కొలతల కాయితం చూసింది. "ఇందులో తొమ్మిది. నేను ఎరిగినంతవరకూ ఇరవై ఎనిమిది మిగిలాయి." కాస్త ఆగి అంది. "మామయ్యా, ఒక్క సంగతి. కింద ఎవరు గీశారో లేకపోతే దీన్ని అక్కడ ఎవరూ పట్టించుకోరు. వాళ్ళ దగ్గర సంతకమున్న కాయితం ఉంది. నా దగ్గర వట్టి చుక్కలే ఉంటాయి."

సంతకం పెడితే ఏమవుతుందో సిపాయికి విడమరిచి చెప్పక్కర్లేదు. పాత సంతకం దొంగదవుతుంది. మేజరు గారి పేరు బయటికొస్తుంది. రేపటి వేదిక మాట అటుంచి, ఇక ఏ వేదికా ఉండదు. వీధిలో పిల్లలు నమస్కారం పెడతారు ఇప్పుడు. అదీ ఉంటుందో ఉండదో.

"నువ్వు వెళ్ళడం మానుకుంటే?" అన్నాడు ఆఖరి ప్రయత్నంగా.

"నేను మానేస్తే ఆ పిల్లలు ఒడ్డున ఆడటం మానేస్తారా?"

సిపాయి పేరు రాశాడు. దాని కింద పటాలం నంబరు, తేదీ. పాతిన రోజు తేదీ ఒకటి, ఇవాళ్టి తేదీ ఒకటి.

"ముసలావిడ చెయ్యి మాత్రం నిజం బావా," అన్నాడు పెన్సిల్ కింద పెడుతూ. "దాన్ని అబద్ధం చెయ్యకు."

"చెయ్యను. ఆ చెయ్యి మీద నీతో ఇంకెప్పుడూ వాదించను."

"ఆవిడకి మనవలు ఉండే ఉంటారు."

మేస్త్రి కాలు తిరిగి చేతిలోకి తీసుకుని, మరలు వదులుగా ఉన్న పాదాన్ని బూటు పక్కన నిలబెట్టాడు. "జిగురు కలపాలి. మడమ ఎత్తు ఎంత పెట్టమంటావు?"

సిపాయి వంగి, కుర్చీ కిందున్న పాత చెప్పుని తీసి బల్ల మీద పెట్టాడు. బూట్లని పక్కకి జరిపాడు.

"దీనికి చెయ్యి."

"మేజరు గారికి ఏం చెబుతావు?"

"నిజం చెబుతాను. బూట్లు పట్టడం లేదని. ఆపైన ఎందుకని అడిగితే అదీ చెబుతాను." మేనకోడలి వైపు తిరిగాడు. "రేపు పదింటికి ఆస్పత్రి ఆఫీసు తెరుస్తారా? ఈ పటానికి నకళ్ళు తియ్యాలి. ఒక్కటే ఉంటే పోగొట్టేవాళ్ళుంటారు."

అరగంట తర్వాత, జిగురు పెట్టేముందు, మేస్త్రి ఎప్పట్లాగే పట్టుకు నడిచే రెండు ఇనప కమ్మీల మధ్య నడవమన్నాడు. ఎప్పట్లాగే కళ్ళు మూసుకుని విన్నాడు. కాలు సరిగా కుదిరితే రెండడుగుల చప్పుడూ ఒకేలా ఉంటుంది.

"నొప్పుందా?" అని అడిగాడు.

"ఉంది," అన్నాడు సిపాయి. "ముందువైపు, కొంచెం లోపలికి."

మేస్త్రి కళ్ళు తెరిచాడు. నీలం పెన్సిల్ అందుకుని, ఆ చోట గుర్తు పెట్టడానికి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.