చెవిలో చెప్పే బరువు

కాటా పిన్ని అంకెల మీద అరచెయ్యి అడ్డం పెట్టి, సందులోంచి తొంగిచూసి, కాటా మీద నిలబడ్డ మాష్టారి చెవిలో బరువు చెప్పింది. ఆయన గతుక్కుమన్నారు.

"పోయినసారి కన్నా తగ్గారండీ. మొహం అలా పెట్టకండి."

ఆసుపత్రి తూకం గదిలో ఆమె పద్ధతి అది. మూడోవాడి చెవిన పడిందంటే ఆ మనిషి మళ్ళీ ఈ గడప తొక్కడని ఆమె నమ్మకం. ఆమె కూడా భారీ మనిషే. కుర్చీలోంచి లేస్తే కుర్చీ కూడా కాస్త దూరం వెంట వచ్చేది. వచ్చినవాళ్ళకు ఆమెను చూస్తేనే ప్రాణం లేచొచ్చేది. ఆ కాటా మీద మాత్రం ఆమె ఏనాడూ కాలు పెట్టలేదు.

బరువు తగ్గించే కొత్త సూదిమందును పరీక్షించడానికి డాక్టరమ్మ మనుషుల కోసం బతిమాలుతోంది. సగం మందికి మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికేది పడుతుందో ఆవిడకే తెలియదు. వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చు. చేరడానికి ఇవాళే ఆఖరు. అయినా వరండా బెంచీ మీదివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారే గాని కదలడం లేదు.

"మేమేమన్నా ఎలకలమా పిన్నీ?" అంది దర్జీపని చేసే ఆమె.

"ఎలకలకి ఇంత ఒళ్ళెక్కడిదే?"

బెంచీ మొత్తం ఘొల్లుమంది. నవ్వులు ఆగాక మాష్టారు మెల్లగా అడిగారు: "మరి నువ్వెందుకు చేరలేదమ్మా?"

పిన్ని కాటా వైపు చూసింది. లెక్కలు తారుమారు కాకుండా, చేరినవాళ్ళు తూకం గదిలో పనిచేయకూడదు, బట్టలుతికే విభాగానికి మారాలి. ఈ గదేమో ఆమె రాజ్యం. కానీ కూతురి కాపురం లిఫ్టు లేని మూడో అంతస్తులో. మొదటి మలుపులోనే ఆమె మోకాళ్ళు మొరాయించేవి. మనవరాలిని కిందికి తెస్తే మెట్ల దగ్గర ఎత్తుకోవడమే. ఆ పిల్ల పడుకునే ఉయ్యాల ఎలా ఉంటుందో కూడా ఆమెకు తెలియదు. ఆ దిగులు ఆమెను లోపల్లోపల తినేస్తోంది.

"నన్నూ తూచమ్మా" అంది అప్పుడే పనిలోకి వచ్చిన కొత్త నర్సుతో, ఉన్నట్టుండి లేచి.

చెప్పులు, తాళాలగుత్తి, చిల్లర సంచి, జుట్టులో పిన్నులు, అన్నీ తీసేసి, ఊపిరి బిగబట్టి కాటా ఎక్కింది. నర్సుకి పాపం ఇక్కడి పద్ధతి తెలియదు.

"నూట పధ్నాలుగు!" అని వరండా మారుమోగేలా చదివింది.

పిన్ని మొహం కందిపోయింది. మరుక్షణం పగలబడి నవ్వింది.

"విన్నారుగా? నా గుట్టు కాస్తా రట్టయింది. నీళ్ళొస్తాయో మందొస్తుందో, నేనైతే చేరుతున్నా. మీ ఇష్టం మీది."

దర్జీ ఆమె లేచింది. "పద పిన్నీ, నీళ్ళయినా కలిసే పొడిపించుకుందాం." ఆమె వెనకే మరికొందరు కదిలారు. మాష్టారు మాత్రం ఇంట్లో అడిగొస్తానని జారుకున్నారు.

సంతకం పెట్టాక పిన్ని తన సామాను సర్దుకుని, కొత్త పనిచోటికి నడిచింది. తిరిగి చూస్తే ఏడుపొస్తుందని చూడలేదు.

గది మూయబోతూ నర్సు ఆగింది. కిటికీ గట్టు మీద తలపిన్ను ఒకటి మిగిలిపోయింది. అదెంత బరువుంటుందని తీసిపెట్టిందో!