రెండు కణాల దగ్గర

మైక్రోస్కోప్‌లోకి చూసిన మరుక్షణమే శ్రీలతకు తెలిసిపోయింది, ఈసారి కూడా పిండాలన్నీ చచ్చిపోయాయని.

రెండు కణాలుగా చీలి, అక్కడే ఆగిపోయి, నల్లబడి ఉన్నాయి. సోమవారానికల్లా చిన్న నీటిబుడగల్లా ఉబ్బి ఉండాల్సినవి. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

మస్కట్ శివారు రుసైల్‌లో గోదాముల వెనకున్న ఆ ప్రైవేటు ల్యాబ్‌లో ఆమె పని చిట్టెలుకల పిండాలతో. ఎలుకలు మామూలుగా జతకడితే తల్లి కడుపులో ఏర్పడ్డాక బయటికి తీసినవి కొన్ని. అండాన్నీ శుక్రకణాన్నీ డిష్‌లో కలిపి చేసినవి కొన్ని. రెండు రకాలనూ ఒకే ఇంక్యుబేటర్‌లో పెంచి, డిష్‌లో పుట్టినవి ఎందుకు వెనకబడతాయో కనిపెట్టాలి. మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. డిష్‌వి నిదానంగా చీలేవి, కొన్ని మధ్యలో ఆగిపోయేవి. తల్లి కడుపువి చక్కగా ఎదిగేవి. ఆ తర్వాతే వరసగా రెండు బ్యాచ్‌లు పోయాయి. మూడోది కూడా పోతే ప్రాజెక్టు మూసేస్తానని డైరెక్టర్ చెప్పేశాడు. ఇది ఆ మూడోదే. ప్రాజెక్టుతో పాటే ఆమె వీసా కూడా.

డిష్‌వి మాత్రమే పోతే అది ఫలితం. తల్లి కడుపులోంచి తీసినవి కూడా పోతే అది హత్య.

"వీరబ్రహ్మం, సెంటు కొట్టుకొచ్చావా?" అంది. ఘాటైన వాసన ఏదైనా పిండాలకు విషమే. అందుకే ల్యాబ్‌లో సెంటూ అత్తరూ నిషేధం.

కడప నుంచి వచ్చిన టెక్నీషియన్ వీరబ్రహ్మం తల తిప్పకుండానే జవాబిచ్చాడు. "నేనా మేడం? ఈడ చేరినప్పట్నుంచి వాసన లేని సబ్బే రుద్దుకుంటాండా. బస్సులో పక్కసీటు ఎప్పుడూ ఖాళీనే."

"మరి పిండాల్ని ఉంచే ద్రవంలో తేడా వచ్చిందేమో."

"కలిపింది మీరే కదా."

ఆ మాట సూటిగా తగిలింది.

"అనుమానం నామీదే అయితే చెప్పేయండి," అన్నాడతను. "నా వీసా కూడా దీంతోనే ముడిపడి ఉండాది."

ఆమె లేచి ఇంక్యుబేటర్‌ను గోడ నుంచి ముందుకు లాగింది. గాలి లోపలికి పీల్చే చోట ఉన్న తెల్ల ఫిల్టర్ పసుపురంగుకు తిరిగింది. ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

లుబాన్. మన సాంబ్రాణికి దగ్గరి చుట్టం. మస్కట్‌లో ఆ వాసన లేని చోటు ఏది? వాదీ కబీర్ పేటలో ఆమె ఉండే బిల్డింగ్ లిఫ్టులో, కొట్లో, టాక్సీలో, ఎక్కడ చూసినా అదే. అలవాటుపడిన ముక్కు ఇన్నాళ్లూ దాన్ని పట్టించుకోనే లేదు.

"నువ్వు కాదు," అంది వీరబ్రహ్మంతో. క్షమించమనడానికి కూడా ఓపిక చాల్లేదు.

గురువారం డిష్‌లు సర్దిపెడతారు. శుక్రవారం సెలవు. ఆ రోజు ఎలుకలకు మేత వేయడానికి తాళం తీసేది ఒక్కడే. భూమయ్య. జగిత్యాల వైపు మనిషి. ఏళ్ల తరబడి సైట్‌లలో సిమెంటు మోసి, నడుము పోయాక ఈ డ్యూటీకి వచ్చాడు. ఒకసారి గుమ్మంలో నిలబడి, "ఇవి బతుకుతయా మేడం?" అని అడిగాడు. "డిష్‌లో పుట్టినవి వెనకబడుతున్నాయి భూమయ్యా," అని ఆమె విసుగ్గా అనేసింది. అది మొదటి బ్యాచ్ పోవడానికి ముందు మాట.

ఎలుకల రూమ్‌లో అతను నీళ్ల సీసాలు నింపుతున్నాడు. శ్రీలత ఫిల్టర్‌ను అతని ముందు పెట్టింది.

"ఈ పొగకే పిండాలన్నీ చచ్చిపోయాయి. శుక్రవారం లుబాన్ వేసింది నువ్వేనా?"

భూమయ్య సీసా కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"నేనే మేడం. హమ్రియ బజార్ల కొనుక్కచ్చి ఏసిన. మీరు సెంటు వద్దన్నరు, అత్తరు వద్దన్నరు. సాంబ్రాణి వద్దనలే. మా బిడ్డ వాణికి శానేండ్ల సంది పిల్లల్లేరు. కరీంనగర్ దవాఖానల గిట్లనే డిష్ల కలిపి కడుపుల పెట్టిన్రు. ఎదుగుడు జర తక్కువున్నదని డాక్టరమ్మ అన్నదట. ఈడ మీరేమో డిష్లయి ఎన్కవడుతున్నయంటిరి. పసిపిల్లలకు తానం పోసినంక పొగ ఏస్తం గద, దిష్టి తగలకుంట. ఇవి గూడ పసియేనాయె అనుకున్న. నిప్పుల మీదేసి ఆ డబ్బ ఎన్క పెట్టిన. ఇవి బతికితే వాణి కడుపులది గూడ బతుకుతదని మనసుల మొక్కుకున్న. ఒకదానికేసి ఒకదానికెయ్యకుంటే పాపమని, తల్లి కడుపులయాటికి గూడ తగిలేటట్టు ఏసిన. అన్నిటిని నేనే సంపిన మేడం. డైరెక్టర్ సాబ్‌కు నా పేరే చెప్పున్రి, మీ డ్యూటీ ఉంటది. గని ఒక్కటడుగుత. పొగ ఏసుకొమ్మని వాణికి గూడ ఫోన్ల చెప్పిన. ఏసుకుంటున్నది. ఇగ వద్దని చెప్పాల్నా?"