ఆరో నంబరు గదికి తెల్లరంగు

"గది బాగా సిద్ధం చెయ్యి నాన్నా" అని ఫోనులో చెప్పాను. గది గురించి నేనన్నది అంతే.

దారి పక్కన చూడదగ్గ పాత మోటెళ్లను ఏరి పుస్తకం వేసే డార్లీన్ హాక్‌వర్త్ గారు ఆ రోజు టుకుమ్‌కారీ ఊళ్లో మా మోటెల్‌కు వస్తున్నారు. పుస్తకంలోకి ఎక్కితే బండ్లు ఆగుతాయి. ఎక్కకపోతే చలికాలం వచ్చేలోపు నాన్న దాన్ని పెట్రోలు బంకు వాళ్లకు అమ్మేయాల్సిందే. మా ఇంట్లో మొదట కాలేజీ గడప తొక్కింది నేనే కనుక, ఆవిడ వెంటపడి పిలిపించిందీ నేనే.

ఆల్బకర్కీ నుంచి వచ్చిన బస్సు దిగి నేరుగా ఆరో నంబరు గదికి వెళ్లాను. తలుపు తీయగానే రంగు వాసన ముక్కుకు కొట్టింది. స్నానాల గదిలో తాతయ్య అతికించిన గులాబీ టైల్స్ కనిపించలేదు. వాటి మీద అంతా తెల్లరంగు. కుచ్చుల దుప్పటి లేదు. నాణెం వేస్తే మంచాన్ని ఊపే పెట్టె కూడా లేదు. గోడంత టీవీ మాత్రం ఉంది.

"ఎలా ఉందమ్మాయ్?" నాన్న గుమ్మంలో నిలబడి మురిసిపోతున్నాడు.

"పాతవన్నీ ఏవి నాన్నా?"

"షెడ్డులో పడేశా. పెద్దమనిషి వస్తోందన్నావుగా, ఆ ముసలి సామాను చూపించి పరువు తీసుకోమంటావా?"

"ఆవిడ వచ్చేదే ఆ ముసలి సామాను కోసం!"

"చాల్లే. కాలేజీలో ఇదేనా నేర్పింది?"

మా వాళ్లలో పండక్కి చుట్టాలొస్తున్నారంటే మట్టిగోడకు కొత్త పూత పడి తీరాలి. నాన్న చేసిందీ అదే. ఎవరి మీద అరవాలో తెలియక వంటింటి కత్తి తెచ్చి టైల్స్ గీకడం మొదలుపెట్టాను. గోరంత గులాబీ కనిపించేసరికి బయట కారు ఆగింది.

డార్లీన్ గారు గదంతా కలయజూసి, స్నానాల గదిలోకి తొంగిచూసి, కెమెరా మూత పెట్టేశారు.

"శుభ్రంగా ఉందండీ. కానీ ఇలాంటి గది పెద్ద రోడ్డు మీద ఏ మలుపులోనైనా దొరుకుతుంది."

"పాతవన్నీ షెడ్డులో ఉన్నాయి మేడమ్, ఒక్క గంట ఆగండి" అన్నాను.

"నేను రాసేది గది గురించి, షెడ్డు గురించి కాదమ్మా."

నాన్న ముఖం ఎర్రబడింది. "ఇన్నేళ్లూ పాతబడిందని అందరూ ముందుకెళ్లిపోయారు. ఇవాళ కొత్తగా ఉందని మీరు వెళ్లిపోతారా? అసలు మీకేం కావాలో ముందే ఏడవొచ్చు కదా!"

"నాన్నా!"

ఆవిడ నొచ్చుకోలేదు. "తిరుగు దారిలో ఇటే వస్తాను. ఆగుతానని మాత్రం మాటివ్వను" అని కారెక్కారు.

నేను మంచం మీద కూలబడ్డాను. నాన్న బయటికి వెళ్లి, షెడ్డులోంచి రంగు గీకే ఇనుప బిళ్ల తెచ్చి, బూట్లతోనే స్నానాల తొట్టిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. చాలాసేపు గరగరమన్న చప్పుడు వినిపించింది.

"వస్తోందా?" అని అడిగాను.

"ఎక్కడొస్తుంది! కొట్లో అన్నిటికన్నా గట్టి రంగు ఇమ్మని అడిగి మరీ తెచ్చాగా. నువ్వు కూడా ఆ కత్తి పట్టుకురా."