ఎడమపక్క కుట్టు

పంకజాక్షి ఆ స్వెట్టర్ మొదలుపెట్టేనాటికి ఆమె భర్త సుందరరాజు రెండు చేతులతో రెండు పాలక్యాన్లు మోసేవాడు. పలమనేరు చలిలో తెల్లవారకముందే పాలకేంద్రానికి పోయే మనిషికని మందపాటి బూడిదరంగు ఊలు తెచ్చింది. ఎదమీద జడల్లాంటి మూడు మెలికలు దిగేటట్లు అల్లసాగింది. ముందుభాగం చంకల దాకా వచ్చిన రోజున అతనికి పక్షవాతం వచ్చింది.

మూడు నెలలకు కాలు కొంత స్వాధీనంలోకి వచ్చింది. ఎడమచెయ్యి మాత్రం అలాగే వేలాడుతూ ఉంది. ఒక మధ్యాహ్నం అతను కునుకు తీస్తుండగా పంకజాక్షి దారంతో ఆ చేతిని కొలిచింది. కుడిచేతికన్నా రెండు వేళ్లంత సన్నబడింది. అయినా స్వెట్టర్ చేతులు రెండూ ఒకే కొలతకు అల్లింది. తేడాగా అల్లితే అతనికి తెలిసిపోతుంది.

ముక్కలన్నీ మంచం మీద పరిచి భుజాలు కలిపింది. చేతులు అతికించింది. కుడిపక్క నడుము నుంచి చంక దాకా, అక్కణ్ణుంచి మణికట్టు దాకా కుట్టింది. ఎడమపక్క వదిలేసింది.

సుందరరాజు చూడనే చూశాడు.

“ఈ పక్క ఎందుకు ఇడిసిపెట్నావు?”

“ఆడ గుండీలు పెడదామని మామా. తొడగను సులువుగా ఉంటాది.”

“నేనేమన్నా చంటిబిడ్డనా? కుట్టు.”

“చెయ్యి పైకి లేస్తే గదా...”

“లేస్తాది! నువ్వు కుట్టు.”

ఆమె కుట్టింది. ప్రతి కుట్టుకూ తప్పు చేస్తున్నానని తెలుస్తూనే ఉంది.

సాయంత్రం తొడిగింది. ముందు ఎడమచెయ్యి దూర్చి, తల మీదుగా లాగింది. చెయ్యి మోచేతి దగ్గర మడతపడి ఇరుక్కుంది. ఆమె లాగేకొద్దీ అతను నొప్పితో మెలికలు తిరిగాడు. తల లోపలే ఉండిపోయింది.

“తియ్యే! ఊపిరాడలే! తియ్యి!”

వెనక్కి లాగినా రాలేదు. పంకజాక్షి కత్తెర అందుకుంది. కుట్టిందీ అదే ఊలుతో. ఏది కుట్టో, ఏది అల్లికో కంటికి ఆనడం లేదు.

“కదలొద్దు మామా, నీకు దండం పెడతా,” అంటూ వేళ్లతో తడుముకుంటూ కత్తిరించింది. తొందరలో అల్లిక కూడా రెండుచోట్ల తెగింది.

బయటికొచ్చిన అతని ముఖం తడిసిపోయి ఉంది. అది చెమట కాదు. ఆమె తుడవబోతే తల తిప్పుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

రెండు రోజులు ఆ స్వెట్టర్ వైపు కన్నెత్తి చూడలేదు. మూడోరోజు పొద్దున ఆమె తెగినచోట ఊలు ముడివేసి అల్లిక సరిచేస్తుంటే, పక్కన వచ్చి కూర్చున్నాడు.

“లెయ్యదు పంకజా,” అన్నాడు మెల్లగా. “నాకు ఎప్పుడో తెలుసు.”

ఆమె సూది ఆపింది. అబద్ధం చెప్పే ఓపిక ఆమెకూ లేదు.

“గుండీలు పెట్టు,” అన్నాడు. “పెద్దవి పెట్టు. ఒంటిచేత్తో పెట్టుకునేటట్టు.”

ఎడమ అంచు పొడవునా పట్టీ అల్లి, పదకొండు గుండీలు కుట్టింది. మర్నాడు తల దూర్చి, చేతి చుట్టూ ఊలు కప్పి, ఒక్కో గుండీ తనే పెట్టుకున్నాడు. చాలాసేపు పట్టింది. చంక దగ్గరిది ఒక్కటి అందలేదు. ఆమె ముందుకు వంగితే “ఉండనీ” అని ఆపాడు. అది అలాగే ఉండిపోయింది.

కుడిచేత్తో ఒక క్యాన్ పట్టుకుని, కాలీడ్చుకుంటూ పాలకేంద్రం వైపు బయలుదేరాడు. తోడొస్తానంటే వద్దన్నాడు. మలుపు తిరిగేదాకా పంకజాక్షి వాకిట్లోనే నిలబడి, అతను అడుగేసినప్పుడల్లా గేటు ఊచను గట్టిగా పట్టుకుంటూ ఉంది.