గుమ్మం ముందు ఇనుప పిడి

తెల్లవారగానే మూడో అంతస్తు కోడలు కుళాయి కింద బకెట్టు పెట్టింది. కుళాయి తిప్పి, చెవి దగ్గరగా చేర్చి వింది. గొట్టంలో ఎవరో ముసలాయన దగ్గినట్టు ఒక చప్పుడు వచ్చింది. తరువాత అదీ ఆగిపోయింది.

"వచ్చాయా?" వంటగదిలోంచి అడిగింది అత్తగారు.

"దగ్గింది అత్తయ్యా. అంతే."

"దగ్గిందా? పోనీలే, ప్రాణమైతే ఉందన్నమాట."

ఇంకో రోజైతే ఆ మాటకు ఇద్దరూ నవ్వుకునేవారే. ఈ రోజు నవ్వే ఓపిక ఎవరికీ లేదు. మంచం మీద పసిపిల్ల వాడిన తోటకూర కాడలా పడి ఉంది. మొన్నటి నుంచీ విరేచనాలు. విడిచిన గుడ్డలు మూలన కుప్పపడ్డాయి. "పాపను శుభ్రంగా ఉంచండి, కాచి చల్లార్చిన నీళ్ళు చెంచాతో పడుతూ ఉండండి, మీరు చేతులు బాగా కడుక్కోండి" అని డాక్టరు చెప్పి పంపాడు. చెప్పినవన్నీ చెయ్యాలంటే ముందు నీళ్ళు ఉండాలి కదా. బిందెలో అడుగున ఉన్నది పిల్ల తాగడానికే చాలదు.

భర్త బస్సు డ్రైవరు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు.

"బాబాయి గారినోసారి అడగరాదూ?" అంది కోడలు.

"అడిగితే ఏమంటాడో నీకు తెలీదా? తాళం ఎవడి దగ్గరుంటే రాజ్యం వాడిది. దేశాలే అలా నడుస్తున్నాయి, మన మేడెంత?" అనేసి అతను మెట్లు దిగిపోయాడు. అది కోపంతో అన్న మాట కాదు. రోజూ అదే దారిలో బస్సు నడిపేవాడు మలుపును చూసినంత మామూలుగా అన్నాడు.

కోడలు పిల్లను చంకనేసుకుని, ఖాళీ బకెట్టు పట్టుకుని కిందికి దిగింది.

కింది అంతస్తులో మెట్ల వెనక పంపు గది ఉంది. వీధి గొట్టం నుంచి వచ్చే నీరు అక్కడికి చేరి, అంతస్తుకొకటి చొప్పున గొట్టాల్లోకి చీలుతుంది. ఒక్కో గొట్టానికి ఒక్కో వాల్వు. వాటిని చేత్తో తిప్పలేం. మోచేతి పొడవున ఉండే ఇనుప పిడి తగిలించి తిప్పాలి. ఆ మేడ మొత్తానికీ పిడి ఒక్కటే. గది తలుపు ముందు కుర్చీ వేసుకుని, ఒళ్ళో ఆ పిడి పెట్టుకుని కూర్చుంటాడు బాబాయి. ఆ కింది అంతస్తులోనే ఉంటున్న, ఉద్యోగ విరమణ చేసిన పాత కరెంటు లైన్‌మన్ ఆయన. సొంత పిల్లలు లేరు కాబట్టి మేడంతా ఆయనను బాబాయి అనే పిలుస్తుంది.

"బాబాయి గారూ, పాపకు బాగాలేదు. పైకి కాసిని నీళ్ళు వదలండి."

బాబాయి పిల్ల వైపు చూడలేదు. బకెట్టు వైపు చూశాడు. "ఇప్పుడు కింద వదిలాను. కింద అయ్యాక మొదటి అంతస్తు, ఆ తరువాత రెండోది. మీ వంతు వచ్చేదాకా ఓపిక పట్టాలి."

"మా వంతు వచ్చేసరికి వీధిలోనే నీళ్ళు ఆగిపోతున్నాయి కదండీ!"

"దానికి నేనేం చెయ్యను? రెండో అంతస్తు వాళ్ళు చూడు, పొద్దున్నే వచ్చి మర్యాదగా పలకరించి పోతారు. మీరు గుర్తొచ్చినప్పుడు వస్తారు. అడగడానికీ ఒక తీరుంటుంది అమ్మాయీ."

కోడలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ ఒక్క నీళ్ళకు మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. రెండో అంతస్తులో ఒకావిడ జాలిపడి సగం బకెట్టు పోసింది. కోడలు దాన్ని తొణక్కుండా మోసుకుంటూ పైకి ఎక్కింది.

చదివే మీకు ఈపాటికి బాబాయి మీద కోపం వచ్చే ఉంటుంది. రావడం న్యాయమే. కానీ కాస్త ఆగండి. ఆ పిడి ఆయన ఒళ్ళోకి ఎలా చేరిందో కూడా వినాలి.

ఆ మేడలో మొదట ఒక పద్ధతి ఉండేది. వారానికొక ఇల్లు వంతు. వంతు వచ్చిన ఇంటివాళ్ళు పొద్దున్నే లేచి వాల్వులు తిప్పాలి. పై అంతస్తుకు ముందు, కింది అంతస్తుకు చివర. కింద ముందు వదిలితే పైకి నీళ్ళు ఎక్కవు, పైన ముందు వదిలితే అందరికీ అందుతాయి. వారం అయ్యాక పిడిని పక్కింటి గుమ్మం ముందు పెట్టి, తలుపు కొట్టి, "ఇక మీదే" అనాలి. అంతే పద్ధతి. ఎవరికీ ఎవరూ దండం పెట్టే పనిలేదు. ఈ వారం నేను నిన్ను ఏడిపిస్తే వచ్చే వారం నువ్వు నన్ను ఏడిపిస్తావు కాబట్టి, ఎవరూ ఎవరినీ ఏడిపించేవారు కాదు.

కోడలికి పురుడొచ్చిన నెలలోనే వాళ్ళ ఇంటి వంతు వచ్చింది. పచ్చి బాలింతరాలు, భర్తకు డ్యూటీ, అత్తగారికి నడుం నొప్పి. పిడిని తీసుకెళ్ళి బాబాయి గుమ్మంలో పెట్టి, "ఈ ఒక్క వారం మీరు చూడండి బాబాయి గారూ" అన్నారు. "దానికేం తల్లీ, నాకేం పనుంది" అన్నాడాయన. ఆ రోజు ఆయన నిజంగా మంచి మనసుతోనే అన్నాడు. అది చూసి ఎదురింటి నర్సమ్మ, తనకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలనీ, తన వంతూ ఆయన్నే చూడమనీ అంది. కింద ఒకరికి మోకాళ్ళు. మొదటి అంతస్తులో ఒకరికి బద్ధకం. "బాబాయి ఉన్నారుగా!" అనేది మేడలో ఊతపదమైంది. కొన్నాళ్ళకు పిడి కదలడం మానేసింది. పంపు గదికి తాళం వచ్చింది. తాళం తరువాత కుర్చీ వచ్చింది. కుర్చీ వచ్చాక, అడగడానికి ఒక తీరూ వచ్చింది. ముందు తన అంతస్తుకే నీళ్ళు వదులుకోవడం ఏ రోజున మొదలైందో, బహుశా ఆయనకూ గుర్తు లేదు.

కోడలు సగం బకెట్టుతో తిరిగొచ్చిన రోజు సాయంత్రం పిల్ల నాలుక పిడచకట్టుకుపోవడం చూసి అత్తగారు ఊరుకోలేకపోయింది. మెట్ల మీద నిలబడి కేకలేసింది. తలుపులు తెరుచుకున్నాయి. అందరి దగ్గరా ఫిర్యాదులున్నాయి. ఒకరి బట్టలు తడవనే లేదు, ఒకరి పిల్లలు ముఖం కడక్కుండా బడికి పోయారు.

"ఇదంతా ఆయనతో ఎవరు చెప్తారు? పిల్లి మెడలో గంట కట్టేదెవరు?" అంది నర్సమ్మ.

మొదటి అంతస్తు ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఒక మాట చెప్తాను. ఈ బాబాయిని మార్చేద్దాం. మంచివాడి చేతికి పిడి ఇద్దాం. ఇదిగో, మన డ్రైవరున్నాడు. నెమ్మదస్తుడు. అతనే చూస్తాడు."

అందరూ అవునవునన్నారు. డ్యూటీ దిగి వస్తున్న డ్రైవరు మెట్ల మలుపులోనే నిలబడిపోయాడు. నిజం చెప్పాలంటే, అలసిపోయిన ఆ ముఖంలో ఏదో చిన్న వెలుగు కనిపించింది. తమ అంతస్తుకు ముందు నీళ్ళు వస్తాయన్న ఆశ ఒక్క క్షణం కోడలి గుండెలోనూ మెదిలింది.

అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుని మెట్టు మీద కూలబడింది.

"వద్దు. నా కొడుకే కదా, నేనే చెప్తున్నా వద్దు. బాబాయి కూడా మంచివాడనేగా తీసుకెళ్ళి ఇచ్చాం? మా ఇంటి నుంచి మొదట పంపించింది నేనే. చెడ్డవాడి నుంచి లాక్కుని మంచివాడికిస్తే, వాడు చెడేదాకా ఆగి మళ్ళీ ఈ మెట్ల మీదే ఏడవాలి. పూర్వం రాజు పోతే రాజు కొడుకు వచ్చేవాడట. ఇప్పుడు బాబాయి పోతే డ్రైవరా? మనకు కావలసింది మంచివాడు కాదర్రా. వంతు కావాలి. చేతులు మారుతుంటే ఆ ఇనుముకు తుప్పు పట్టదు, మనిషికి పొగరూ పట్టదు."

కోడలు ఆ మాటలు విని ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. బడిలో రాజ్యాల పాఠాలు చదివింది. ఏ రాజు ఎవరిని జయించాడో బట్టీ పట్టింది. జనం తమను తాము ఎలా పాలించుకుంటారో చెప్పే పాఠం పుస్తకం చివర ఉండేది. అక్కడికి చేరేలోపే చదువు మాన్పించారు. ఆ చివరి పాఠం ఇదేనేమో అనిపించింది.

అందరూ కిందికి దిగారు. బాబాయి కుర్చీలోంచి లేవకుండానే, మళ్ళీ వంతులు పెడదామని అత్తగారు చెప్పింది విన్నాడు. పోట్లాడతాడనుకున్నారు కానీ పోట్లాడలేదు.

"నేనేమన్నా లాక్కున్నానా?" అన్నాడు చివరికి. "మొదట్లో వారం వారం మీ గుమ్మాల్లో పెట్టి తలుపులు కొట్టాను. ఒక్కరు తీశారా? 'మీరే ఉంచుకోండి బాబాయి' అన్నారు. అలా అంటూ అంటూ ఉంటే, ఇది నాదేననిపించింది నాకు. ఇదిగో, పట్టుకుపొండి." లేచి గది తాళం ఊడదీసి, పిడిని మెట్టు మీద పెట్టాడు.

ఇనుము రాతికి తగిలి ఖంగుమంది.

అంతసేపూ అరిచిన వాళ్ళలో ఒక్కరి చెయ్యీ ముందుకు రాలేదు. ఒకాయన గోడ వైపు చూశాడు. ఒకావిడ కొంగు సర్దుకుంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు పెద్దలు. దింపడానికి పదిమంది ఉంటారు. మొయ్యడానికే మనుషులు కరువు.

కోడలు పిల్లను అత్తగారి ఒళ్ళో పెట్టింది. వంగి పిడిని తీసుకుంది. అంతదాకా పసిపిల్లను ఎత్తుకున్న చేతికి అది చాలా చల్లగా, చాలా బరువుగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే పై వాల్వు తిప్పింది. మూడు అంతస్తుల పైన నీళ్ళు పడుతున్న చప్పుడుతో పాటు, "వచ్చాయే తల్లీ!" అన్న అత్తగారి కేక కూడా వినిపించింది. పిల్ల గుడ్డలు ఉతకాలి. ఇంకాస్త సేపు తమ గొట్టం తెరిచే ఉంచితే ఏం పోయింది? అడిగేవారెవరు? చెయ్యి వాల్వు మీదే ఆగింది. బాబాయికి కూడా ఇలాగే మొదలై ఉంటుందని అప్పుడర్థమైంది ఆమెకు. పళ్ళు బిగించి పై వాల్వు మూసి, రెండోది తెరిచింది. దూరంగా తన గుమ్మంలో నిలబడి చూస్తున్న బాబాయి, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

ఆ వారంలోనే పిల్ల తేరుకుంది. పాలు తాగి, నవ్వి, అత్తగారి ముక్కు పట్టుకుని లాగింది. వారం చివర కోడలు పిడి తీసుకుని ఎదురింటి తలుపు కొట్టింది. నర్సమ్మ నిద్ర కళ్ళతో తలుపు తీసింది. డ్యూటీ చీర కూడా ఇంకా మార్చుకోలేదు.

"ఇక మీదే అక్కా."

నర్సమ్మ పిడిని చూసింది. గుమ్మానికి ఒరిగింది. "నువ్వే చూడరాదుటమ్మా? ఎంత బాగా చేస్తున్నావో! మేడంతా నీ పేరే చెప్పుకుంటోంది. నాకు ఓపిక లేదు తల్లీ, ఒట్టు."

ఎంత తీయని మాటలు! వాటిలో అబద్ధం కూడా లేదు. కోడలు నర్సమ్మ కళ్ళ కింది నలుపును చూసింది. తన కళ్ళ కిందా అదే నలుపని కోడలికి తెలుసు.

"నాకూ లేదక్కా," అంది మెల్లగా. పిడిని గుమ్మం ముందు ఆనించింది. "లేకపోయినా సరే. రేపు పొద్దున్న నేనొచ్చి తలుపు కొట్టి లేపుతాను. తిప్పడం మాత్రం మీరే తిప్పాలి."

నర్సమ్మ నిట్టూర్చింది. ఆ తరువాత వంగి పిడిని లోపలికి తీసుకుంది.

ఏ మేడలోనైనా, ఏ దేశంలోనైనా పెత్తనం దొంగలా గోడ దూకి రాదు. అలసిపోయి మన వంతు మనం వదులుకున్న రోజున, మనమే దాన్ని ఒకరి గుమ్మంలో పెట్టి వస్తాం.