మిగిలితే చూద్దాం

సెలవు రోజు వచ్చిందంటే ఆ ఇంటి వెనక మెట్లు అద్దం లేని బ్యూటీపార్లర్ అయిపోయేవి. అమ్మ వంటింట్లోంచి సత్తుగిన్నె పట్టుకుని వచ్చేది. అందులో శనగపిండి, మీగడ పెరుగు, చెంచాడు తేనె. గిన్నె చప్పుడు వినగానే ఎక్కడివాళ్లక్కడ పని వదిలేసి మెట్ల మీద వరసగా కూర్చునేవారు. ఆ పెరుగు చల్లదనం, తడిపిండి వాసన, ఆరేకొద్దీ చెంపలు బిగుసుకుపోయి నవ్వలేక నవ్వడం... అలాంటి ఉదయాలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి.

పై మెట్టు నాయనమ్మది. "నా ముడతల్లోకి పోయిన పిండి మళ్లీ బయటికి రాదే," అంటూనే మొహం చాపేది. తర్వాత బస్సు నడిపే నాన్న. కిటికీ వైపు ఉండే చెయ్యి ఒక్కటే ఎండకు కమిలిపోయి, ఆయన రెండు చేతులూ ఇద్దరు మనుషులవిలా కనిపించేవి. ఆ తర్వాత మొటిమల బెంగతో అక్క. ఆఖరి మెట్టు మీద, నోట్లోంచి మాట ఊడిపడని చిన్నపిల్ల. కిచకిచలాడదు కాబట్టే ఆమెకు వెక్కిరింతగా పిచ్చుక అని పేరు పెట్టారు.

"మరి నువ్వో?" అని ఎవరైనా అడిగితే అమ్మ నవ్వేది. "నాకా? మిగిలితే చూద్దాంలే."

గిన్నె అడుగున ఎప్పుడూ ఏమీ మిగిలేది కాదు.

ఒక చలికాలంలో అమ్మ పిండిని వేళ్లతో కాక చెంచా వెనకవైపుతో రాయడం మొదలుపెట్టింది. చల్లటి చెంచా తగలగానే అక్క కెవ్వుమనేది. "మీ అమ్మ గోడలకి సున్నం వేస్తోందర్రా," అనేవాడు నాన్న. అందరూ నవ్వేవారు. చెంచా ఎందుకు వచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు.

అమ్మ ఒక కుట్టుదుకాణంలో పట్టుబట్టలకు అంచులు కుట్టేది. ఆ పనంటే ఆమెకు ప్రాణం. వీధిలో ఎవరైనా పట్టు కట్టుకుని కనిపిస్తే, "అదిగో, నా అంచు," అని పిల్లలకు చూపించి మురిసిపోయేది. ఒక మధ్యాహ్నం ఆమె మరిచిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్లిన పిచ్చుక గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల దుకాణం పెద్దాయన ఒక బట్టను వెలుతురుకి పట్టి చూపిస్తున్నాడు. నున్నటి పట్టు మీద సన్నటి పోగులు లేచి ఉన్నాయి.

"నీ కుట్టుకి వంక పెట్టడం లేదమ్మా. నీ వేళ్లే గరుకు తేలిపోయాయి. ముట్టుకున్న చోటల్లా పోగు లేచిపోతోంది. నెలాఖరు దాకా చూస్తాను. తగ్గకపోతే దుప్పట్లు కుట్టే గదికి మారాల్సిందే."

"తగ్గించుకుంటానండీ," అంది అమ్మ, చేతులు వెనక్కి దాచుకుంటూ.

తర్వాతి సెలవు రోజు అమ్మ గిన్నెతో వచ్చేసరికి పిచ్చుక ఆఖరి మెట్టు మీద లేదు. పై మెట్టు దగ్గర వెన్నగిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"నాయనమ్మా, కొంచెం జరుగు. ముందు అమ్మ కూర్చోవాలి."

"ఓహో, పిచ్చుక కూసిందర్రా," అన్నాడు నాన్న.

పిచ్చుక నవ్వలేదు. అమ్మ చేతిని పట్టుకుని, తిప్పి అందరికీ చూపించింది. సబ్బునీళ్లకు నాని నాని వేళ్లకొసలు బీటలు వారి ఉన్నాయి. దుకాణంలో విన్నదంతా చెప్పింది. మధ్యలో ఎక్కడా ఆపలేదు.

"అయితే ఆ చెంచా..." అంది అక్క నెమ్మదిగా.

"వేళ్లతో రాస్తే మీ మొహాలు గీరుకుపోతాయనీ," అంది అమ్మ, తనే ఏదో తప్పు చేసినట్టు.

నాయనమ్మ పక్కకు జరిగి కోడలికి చోటిచ్చింది. "అందులో నిమ్మచుక్క వేయకే, పగుళ్లు మండుతాయి. పసుపూ వద్దు, పట్టుకి అంటుకుంటుంది. ఉట్టి వెన్న చాలు. రేపు పనికెళ్లే ముందు శనగపిండితో రుద్దుకుంటే జిడ్డు పోతుంది," అని మనవరాలికి చెప్పి, కొడుకు వైపు తిరిగింది.

"ఇంత రాసి, మళ్లీ ఈ చేతుల్ని అంట్లలో ముంచితే ఏం లాభంరా? మిగిలితే చూద్దాం అంటూనే నేనూ బతుకంతా గడిపాను. అదే మంచితనం అనుకున్నాను. కోడలికీ అదే నేర్పాను. మిగలదురా. ఏ ఇంట్లోనూ మిగలదు."

నాన్న లేచి, చొక్కా చేతులు పైకి మడుచుకుని అంట్ల దగ్గరికి వెళ్లాడు.

"పీచు ఎక్కడుంటుంది?"

"నీ కళ్ల ముందే. ఇన్నేళ్లుగా అక్కడే ఉంది," అంది నాయనమ్మ.

ఆ నెలాఖరుకి అమ్మ పట్టు కుట్టే బల్ల దగ్గరే కూర్చుని ఉంది. చెంచా వంటింట్లోకి తిరిగి వెళ్లిపోయింది. పగుళ్లు మాన్పింది వెన్న అని అక్క అంటే, కాదు పీచు అని నాయనమ్మ వాదించేది. చాలా రోజుల తర్వాత అమ్మ వేళ్లు మళ్లీ చెంప మీద ఆనిన ఆ ఉదయాన్ని పిచ్చుక ఇప్పటికీ మరిచిపోలేదు.

మీ ఇంట్లోనూ అలాంటి గిన్నె ఒకటి ఉంటుంది. దాన్ని కలిపే చెయ్యీ ఉంటుంది. ఆ చేతి వాటా ముందే తీసి పెట్టండి.